చేతిలో మిగిలిన పైగుడ్డ

(సి.పి. బ్రౌన్ స్మృతిలో చేసిన ఉపన్యాసం, అచ్చు పాఠం)

హైదరాబాదులో ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా ఓ పావుగంట కూర్చుంటే ఈ మాట చెవిన పడుతుంది. మేనేజరు అటుగా వస్తుంటాడు. టీ సగంలో ఉండగానే ఒకడు లేచి, "మామా, నేను ఎస్కేప్" అని మెట్ల వైపు నడుస్తాడు. పారిపోతున్నానని అనడు, తప్పించుకుంటున్నానని అనడు. ఆ రెండు మాటల్లోనూ ఏదో తప్పు చేసిన వాసన ఉంది. 'ఎస్కేప్'లో అది లేదు. దానికి క్రియ కూడా అక్కర్లేదు. మాట పూర్తయ్యేసరికి మనిషి ఉండడు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇవాళ ఆ క్యాంటీన్‌లో ఉంటే జేబులోంచి కాగితం తీసేవారు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన ఈ కంపెనీ అధికారి సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాటాకుల్లో పద్యాలు పరిష్కరింపజేశారు. అదే చేత్తో సంతలోనూ కచేరీలోనూ వినబడిన మాటలనూ పోగేశారు. 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అందరికీ తెలుసు. 1854లో ఆయన అచ్చువేసిన మిశ్రభాషా నిఘంటువు అంతగా తెలియదు. తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు విడిగా కట్టిన ఇల్లు అది. పండితులు గడప బయట నిలబెట్టిన మాటలకు ఆయన లోపల పీట వేశారు. 'ఎస్కేప్' ఆ పీటకు అన్ని విధాలా అర్హమైన మాట.

ఈ మాట పుట్టుక ఒక బట్టలో ఉంది. లాటిన్‌లో 'కప్పా' అంటే పైన కప్పుకునే వస్త్రం. (మన 'కప్పు'కూ దానికీ చుట్టరికం లేదు, చెవికి మాత్రం ఉన్నట్టే ఉంటుంది.) 'ఎక్స్' అంటే బయటికి. ఈ రెండూ సామాన్య జనం నోట కలిసి 'ఎక్స్‌కప్పారె' అయి ఉంటుందని భాషావేత్తల లెక్క. అంటే పైగుడ్డలోంచి బయటపడటం. వెంటపడినవాడు వెనక నుంచి గభాలున పట్టుకున్నాడు. పట్టు చిక్కింది, కానీ చిక్కింది బట్ట. మనిషి అందులోంచి జారి చక్కా పోయాడు. ఈ బొమ్మే ఇటాలియన్‌లో 'స్కప్పారె' అయింది, స్పానిష్‌లో 'ఎస్కపార్' అయింది. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతానికి ఇంగ్లీషులోకి వచ్చింది.

కప్పా సంతానం పెద్దదే. తలమీది క్యాప్, భుజమ్మీది కేప్ ఆ ఇంటి బిడ్డలే. ప్రార్థన చేసుకునే చాపెల్ కూడా అంతే. చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైవస్త్రాన్ని కత్తితో చీల్చి సగం ఇచ్చిన సెయింట్ మార్టిన్ కథ ఐరోపాలో ప్రసిద్ధం. ఆ వస్త్రాన్ని భద్రపరిచిన చోటుకు వచ్చిన పేరే చిన్న గుళ్లన్నింటికీ అంటుకుంది.

పాత కథల్లో ఈ బట్ట పదేపదే కనిపిస్తుంది. బైబిలు ఆదికాండంలో పోతీఫరు భార్య యోసేపు వస్త్రం పట్టుకుంటుంది. అతను దాన్ని ఆమె చేతిలోనే వదిలి బయటికి పరుగెత్తుతాడు. ఆ మిగిలిన బట్టే అతని మీద నేరానికి సాక్ష్యమై అతన్ని చెరసాలకు పంపుతుంది. మార్కు సువార్తలో యేసును పట్టుకున్న రాత్రి ఒక యువకుణ్ణి కూడా పట్టుకోబోతారు. అతను ఒంటిమీది నారబట్ట వాళ్ల చేతుల్లో వదిలి దిగంబరంగా పారిపోతాడు. ఆ యువకుడెవరో సువార్త చెప్పదు. రెండే వాక్యాల్లో వచ్చి పోతాడు.

కథలను పక్కనపెట్టి చరిత్రకు వచ్చినా బట్ట వెంటే వస్తుంది. 1942 నవంబరు 9, దీపావళి రాత్రి. హజారీబాగ్ జైల్లో కాపలావాళ్లు పండగ సందడిలో ఉన్నారు. జయప్రకాశ్ నారాయణ్, మరో ఐదుగురు ధోవతులు ముడివేసి గోడ దాటారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1962 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఆల్కట్రాజ్ జైలు నుంచి ముగ్గురు ఖైదీలు మాయమయ్యారు. పడకల మీద దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు బొమ్మ తలలు పెట్టారు. వాటికి క్షౌరశాలలో ఏరుకొచ్చిన నిజమైన వెంట్రుకలు అతికించారు. సముద్రం దాటడానికి తెప్ప కావాలి. యాభైకి పైగా రెయిన్‌కోట్లు పోగేసి, కలిపి కుట్టి, గాలి నింపారు. వాళ్లు ఒడ్డు చేరారో లేదో ఇప్పటికీ తేలలేదు. అమెరికా నేరపరిశోధక సంస్థ ఎఫ్‌బీఐ 1979 చివర్లో తన దర్యాప్తు మూసేసింది. లాటిన్ మాట పుట్టిన అన్ని వందల ఏళ్ల తర్వాత కూడా మనుషులు పైకోటు సాయంతోనే తప్పించుకున్నారంటే, ఆ మాట కట్టినవాడెవడో మనిషిని దగ్గరగా చూసినవాడే.

ఇక్కడ తెలుగు సరిగ్గా ఎదురు మాట చెబుతుంది. వరదలో, అగ్నిప్రమాదంలో, అల్లర్లలో సర్వం పోగొట్టుకుని బయటపడ్డవాళ్ల గురించి ఏ విలేఖరైనా రాసేది ఒక్కటే: "కట్టుబట్టలతో బయటపడ్డారు." ఇంగ్లీషువాడి మాటలో బట్ట పోయి మనిషి మిగిలాడు. మన మాటలో అన్నీ పోయి బట్ట మిగిలింది. మొదటిది పట్టుకున్నవాడి చేతిని చూస్తోంది, రెండోది బయటపడ్డవాడి ఒంటిని.

కట్టుబట్టల మాట వెనక తెలుగువాళ్ల బతుకులు చాలా ఉన్నాయి. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ చెమటోడ్చిన మనవాళ్లను అక్కడివాళ్లు కోరంగీలని పిలిచేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కి వెళ్లినందుకు వచ్చిన పేరది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాతి కొన్ని నెలల్లో బర్మా నుంచి 4 లక్షలకు పైగా భారతీయులు ఇటు కదిలారు. ఓడ దొరకనివాళ్లు అరకాను కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచారు. దారిలో ఆకలికీ కలరాకూ మలేరియాకూ పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. తిరిగి వెళ్లి, లేదా అక్కడే ఉండిపోయి, నిలదొక్కుకున్నవాళ్ల మీద 1960ల్లో నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసి రెండో దెబ్బ వేసింది. అప్పుడు వచ్చినవాళ్ల గుర్తుగా విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు నేటికీ ఉంది. వీళ్ల ప్రయాణాన్ని ఇంగ్లీషు చరిత్రకారులు 'ఎస్కేప్' అని రాస్తే చెల్లుతుంది. తెలుగులో 'తప్పించుకోవడం' అని రాస్తే మాత్రం నోటికి ఏదో అడ్డుపడుతుంది. వాళ్లు తప్పించుకోలేదు. వచ్చిపడ్డారు.

ఆ అడ్డు ఎందుకు పడుతుందో తెలియాలంటే 'తప్పు' అన్న రెండక్షరాల దగ్గర కాసేపు కూర్చోవాలి.

తెలుగులో ఇంత పనిచేసే ధాతువులు తక్కువ. గురి తప్పుతుంది, దారి తప్పుతుంది, శ్రుతి తప్పుతుంది, స్పృహ తప్పుతుంది. పెద్దమనిషి మాట తప్పుతాడు. కోడలు నెల తప్పితే ఇంట్లో సంబరం. జాతరలో పిల్లాడు తప్పిపోతే మైకులో పేరు వినిపిస్తుంది. బస్సులో కండక్టరు "తప్పుకోండమ్మా" అంటే పక్కకు జరగమని. అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నాడంటే తనంతట తానే. మంత్రిని తప్పించారంటే పైవాళ్లు. తప్పించుకున్నాడంటే దొంగో, అదృష్టవంతుడో. ఇక 'తప్పదు' అన్న ఒక్క మాట చాలు, అందులో విధి, బాధ్యత, పెళ్లి భోజనం, అప్పుల వాయిదా అన్నీ ఇమిడిపోతాయి. తప్పక, తప్ప, తప్పనిసరి కూడా ఆ మొక్క కొమ్మలే. తమిళం, కన్నడం కూడా ఇదే ధాతువును ఇలాగే వాడుకుంటాయి.

అన్నింటికీ మూలంలో ఉన్న అర్థం ఒకటే: చేరవలసిన చోటికి చేరకపోవడం. బాణం గురికి చేరలేదు, మనిషి ఊరికి చేరలేదు, మాట నెరవేరలేదు. ప్రమాదం కూడా అంతే. అది రావలసినంత దగ్గరికి వచ్చి, చేరకుండా పోయింది. అందుకే మన పత్రికల శీర్షిక "పెను ప్రమాదం తప్పింది". ఇందులో కర్త ప్రమాదం. మనిషి ఆ వాక్యంలోనే లేడు. ఇంగ్లీషు పత్రిక అదే సంగతిని "ప్రయాణికులు ఎస్కేప్ అయ్యారు" అన్న పద్ధతిలో రాస్తుంది. అందులో కర్తలు ప్రయాణికులు, వాళ్లేదో చేసినట్టే ఉంటుంది. నిజానికి పట్టాల మీద బోల్టు ఊడిందని గ్యాంగ్‌మన్ చూసి ఎర్రజెండా ఊపిన వేళ బోగీలో వాళ్లు పల్లీలు తింటూ ఉంటారు. వాళ్లు దేన్నుంచీ తప్పించుకోలేదు, ప్రమాదమే వాళ్లను తప్పింది. అలాంటి చోట తెలుగు వ్యాకరణమే నిజానికి దగ్గరగా ఉంది.

కాలాన్ని కొలవడంలోనూ తేడా ఉంది. కొద్దిలో తప్పిన ప్రమాదాన్ని ఇంగ్లీషులో ఇరుకు ఎస్కేప్ అంటారు, సందులోంచి దూరినట్టు. మనం త్రుటి అంటాం, రెప్పపాటు కంటే చిన్న కాలం. కొలతతో తృప్తిపడనివాడికి సామెత సిద్ధంగా ఉంది: చావు తప్పి కన్ను లొట్టపోయింది. ప్రాణం దక్కింది, ఖరీదు మాత్రం ఒక కన్ను. ఎన్నికల్లో వంద ఓట్లతో గట్టెక్కిన నాయకుడి మీద మన రాజకీయ విలేఖరులు ఏటా వాడినా ఈ సామెత పదును తగ్గలేదు. 'ఎస్కేప్' అన్న మాటకు మూలార్థంతో సహా సరిపోయే తెలుగు సామెత ఏదైనా ఉంటే అది ఇదే. అక్కడ పైగుడ్డ పోయింది, ఇక్కడ కన్ను.

పరుగెత్తేవాడి మీద తెలుగుకు జాలి తక్కువ, వెటకారం ఎక్కువ. 'చిత్తగించు' అన్నది రాజులకూ దేవుళ్లకూ వాడే మర్యాద మాట. దాన్ని తెచ్చి వెన్నుచూపినవాడికి తగిలించి "పలాయనం చిత్తగించారు" అన్నవాడు ఎవడోగానీ అతని నాలుకకు దణ్ణం పెట్టాలి. కాలికి బుద్ధి చెప్పాడనడం ఇంకో చమత్కారం. తల చేయాల్సిన పని కాలికి అప్పగించాడని. పారిపోవడంలో నీరుంది, ఏరు పారినట్టే మనిషీ పారతాడు. ఉడాయించడం, బిచాణా ఎత్తేయడం హిందుస్తానీ వైపు నుంచి వచ్చాయి. మొదటిదానిలో పక్షి రెక్క ఉంది, రెండోదానిలో చుట్టేసిన పరుపు. పోలీసు భాషలో నిందితుడు ఎప్పుడూ పరారీలోనే ఉంటాడు. అరబ్బీ 'ఫిరార్' ఫారసీ, ఉర్దూల మీదుగా నడిచి మన ఎఫ్‌ఐఆర్‌లో స్థిరపడింది. చీటీల కంపెనీ మాత్రం పారిపోదు, బోర్డు తిప్పేస్తుంది. రాత్రికి రాత్రి ఖాళీ అయిన గది, గుమ్మం ముందు పాసుపుస్తకాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు, ఇదంతా ఆ రెండు మాటల్లో కనిపిస్తుంది. ప్రేమించిన జంట పారిపోతే 'లేచిపోయారు' అంటాం. కూర్చున్నచోటు నుంచి లేవడమే అక్కడ నేరం!

మరి అదే పని గొప్పవాళ్లు చేస్తే? మాట మారుతుంది. 1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక సుభాష్ చంద్రబోస్ కలకత్తా ఎల్గిన్ రోడ్డు ఇంటి నుంచి బయటపడ్డారు. బెంగాలీ బట్టలు విప్పేసి, పొడవాటి కోటు, వెడల్పాటి పైజామా, తలమీద టోపీతో మహమ్మద్ జియావుద్దీన్ అన్న బీమా ఏజెంటయ్యారు. అన్న కొడుకు శిశిర్ కారు నడిపాడు. గోమో స్టేషనులో రైలెక్కి పెషావరు దారి పట్టారు. ఇంగ్లీషులో దీన్ని 'గ్రేట్ ఎస్కేప్' అంటారు. బెంగాలీలు మాత్రం మహానిష్క్రమణ అన్నారు. ఆ మాట సిద్ధార్థుడి మహాభినిష్క్రమణ నుంచి తీసుకున్నదే. సిద్ధార్థుడూ అర్ధరాత్రే వెళ్లాడు, ఎవరికీ చెప్పకుండానే వెళ్లాడు. గుర్రం డెక్కల చప్పుడు వినబడకుండా యక్షులు అరచేతులు పట్టారని కథ. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు ఆ గుర్రాన్ని రాతిలో మళ్లీ మళ్లీ చెక్కారు. పొలిమేర దాటాక ఆయనా నగలు, రాచబట్టలు విప్పేశాడు. పలాయనమో నిష్క్రమణో తేల్చేది ఆ రాత్రి కాదు, ఆ తర్వాతి ఏళ్లు.

ఈ తూకం సాహిత్యంలో సరిగా జరగలేదు. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. ఆ తరం విమర్శకుల చేతిలో 'పలాయనవాదం' పదునైన కత్తి అయింది. కృష్ణశాస్త్రి అడవిలో కలిసిపోవాలనుకుంటే పలాయనం, విశ్వనాథ గతంలోకి వెళితే పలాయనం, సినిమాలో పాట వస్తే పలాయనం. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కరువు, యుద్ధం నడుస్తున్న రోజులవి. కానీ దాదాపు అదే కాలంలో, 1939 మార్చిలో, స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో ఆండ్రూ లాంగ్ పేరిట ఒక స్మారకోపన్యాసం ఇస్తూ ఇంగ్లీషు రచయిత టోల్కీన్ ఓ చిక్కుముడి విప్పారు. చెరలో ఉన్నవాడు ఇల్లు తలచుకోవడాన్నీ, యుద్ధభూమి నుంచి సైనికుడు జారుకోవడాన్నీ విమర్శకులు ఒకే గాటన కడుతున్నారన్నది ఆయన ఫిర్యాదు. విమర్శలో రెండింటికీ ఒకే మాట వాడటం వల్ల ఆ గందరగోళం. తెలుగులో బయటపడటం, పారిపోవడం ముందే వేరువేరుగా ఉన్నాయి. ఆ రెండు మాటలు చేతిలో ఉంచుకుని మనం పలాయనవాదమనే ఒక్క సంస్కృత మూటలోకి అంతా కుక్కేశాం. అనువాదం వల్ల ఒక భాష పేదదవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

అదే 'పలాయనం' భౌతికశాస్త్రం పుస్తకంలోకి వెళ్లి గౌరవం సంపాదించుకుంది. ఇంటర్ చదివినవాళ్లకు పలాయన వేగం తెలుసు: భూమి ఆకర్షణ నుంచి పూర్తిగా విడివడటానికి సెకనుకు 11.2 కిలోమీటర్లు. చంద్రుడి మీద అయితే 2.4 కిలోమీటర్ల లోపే. గులకరాయికైనా రాకెట్‌కైనా ఒకే లెక్క, బరువుతో పనిలేదు. చంద్రయానాలకు ఆ వేగాన్ని పూర్తిగా అందుకోవలసిన అవసరం లేదు, చంద్రుడు కూడా భూమి కట్టుకొయ్యకు కట్టిన దూడే. మంగళయాన్‌కు మాత్రం తప్పలేదు. 2013 నవంబరు 5న శ్రీహరికోటలో బయలుదేరి, భూమి చుట్టూ తిరుగుతూ కక్ష్య పెంచుకుంటూ, డిసెంబరు 1 తెల్లవారకముందే ఇంజను సుమారు 22 నిమిషాలు మండించి తాడు తెంపుకుంది. "మంగళయాన్ పలాయనం చిత్తగించింది" అని ఏ ఉపసంపాదకుడూ శీర్షిక పెట్టకపోవడం తెలుగు పత్రికారంగం చేజార్చుకున్న అవకాశం.

చేతి గడియారంలోనూ ఒక 'ఎస్కేప్' ఉంది. తాతల నాటి కీ గడియారం వెనక మూత తీసి చూస్తే, వంకర పళ్ల చిన్న ఇత్తడి చక్రం కనిపిస్తుంది. రెండు ఎర్రరాళ్ల చెయ్యి ఒకటి దాన్ని ఆపుతూ వదులుతూ ఉంటుంది. వదిలినప్పుడల్లా ఒక్క పన్ను తప్పించుకుంటుంది. ఆ తప్పించుకోవడమే టిక్కు. ఆ అమరిక పేరు ఎస్కేప్‌మెంట్. స్ప్రింగులోని బలమంతా ఒక్కసారిగా పారిపోకుండా పన్నుకు పన్ను లెక్కపెట్టి వదలడమే దాని ఉద్యోగం. కంప్యూటరు కీబోర్డు ఎడమ మూలనున్న ఎస్కేప్ మీటకు 1960లో ఐబీఎం ఉద్యోగి బాబ్ బీమర్ బీజం వేశాడు. రకరకాల సంకేత భాషల యంత్రాలు ఒకదాన్నుంచి ఒకటి బయటపడి మాట మార్చుకోవడానికి పెట్టిన గుర్తు అది. ఆపిల్ కంపెనీ 2016లో కొన్ని ల్యాప్‌టాపుల్లో ఆ మీటను తీసేసి తెర మీద బొమ్మగా మార్చింది. ప్రోగ్రామర్లు గోలపెట్టారు. 2019లో మీట తిరిగి వచ్చింది. వాడినా వాడకపోయినా బయటికి దారి వేలికి తగలాలని మనిషికి ఉంటుంది.

అనువాదం మేకను మార్చేసిన సంగతి ఒకటుంది. 1530లో విలియం టిండేల్ బైబిలు తొలి ఐదు కాండాలను ఇంగ్లీషు చేస్తూ 'స్కేప్‌గోట్' అన్న మాట కట్టాడు. ఎస్కేప్ అయ్యే మేక. లేవీయకాండం విధి ప్రకారం మేకలు రెండు. ఒకదాన్ని బలి ఇస్తారు. రెండోదాని నెత్తిన జనం పాపాలన్నీ మోపి అడవిలోకి వదిలేస్తారు. టిండేల్ మాట ఆ రెండోదానికి. మన పత్రికలు దాన్ని 'బలిపశువు' చేశాయి. అంటే బతికి వెళ్లిన మేకను వదిలి చచ్చిన మేకను పట్టుకొచ్చాయి. ఇప్పుడు దిద్దడం కుదరని పని, బలిపశువు తెలుగులో పాతుకుపోయింది.

మేక తారుమారైతే నష్టం లేదు. మాట అర్థం తారుమారైతే మనుషులకు నష్టం జరిగిన చోటు న్యాయస్థానం.

ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతంలో ఒక మిల్లు యజమాని జలాశయం కట్టించాడు. అడుగున పూడిపోయిన పాత గని సొరంగాలున్నాయి. 1860 డిసెంబరులో నీరు వాటిలోకి దిగి పక్కవాడి బొగ్గుగనిని ముంచింది. ఆ రైలాండ్స్, ఫ్లెచర్ కేసులో 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక సూత్రం ఖాయం చేసింది. హాని చేసే వస్తువును తన నేల మీద తెచ్చిపెట్టుకున్నవాడు అది 'ఎస్కేప్' అయితే నష్టం కట్టాలి, జాగ్రత్తగానే ఉన్నానంటే కుదరదు. బాగుంది. కానీ తప్పించుకోవడం అంటే ఏమిటి? 1942లో ఒక ఆయుధ కర్మాగారంలో తనిఖీకి వెళ్లిన ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు, ఒక మహిళ, ఫిరంగి గుండు పేలి గాయపడింది. దావా వేసింది. 1946లో అదే హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆమెకు పరిహారం లేదంది. పేలుడు కర్మాగారం హద్దు దాటలేదు, ఆమె లోపలే ఉంది, కాబట్టి ఏదీ 'ఎస్కేప్' కాలేదు! గేటు బయట నిలబడి ఉంటే గెలిచేదేమో. ఒక మాట అర్థం ప్రహరీగోడ దగ్గర ఆగిపోయిన కేసు ఇది.

ఆ గోడను మన సుప్రీంకోర్టు కూల్చింది. భోపాల్ దుర్ఘటనకు ఏడాది నిండిన మర్నాడే, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలోని ఒక ఎరువుల కర్మాగారం నుంచి ఓలియం వాయువు బయటపడింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడికి సంపూర్ణ బాధ్యత ఉంటుందంది. పాత ఇంగ్లీషు సూత్రానికున్న మినహాయింపులు చెల్లవంది. దెబ్బతిన్నది లోపలివాళ్లా బయటివాళ్లా అన్న తేడా చూడబోమంది.

అయినా పాత మాట అంత తేలిగ్గా వదలదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక పాలిమర్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. నిద్రలో లేచి పరుగెత్తినవాళ్లు రోడ్ల మీదే కూలబడ్డారు. 12 మంది చనిపోయారు. మర్నాడు జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వులో 'కఠిన బాధ్యత' అన్న మాటే, అంటే ఆ 1868 నాటి సూత్రమే, కనబడింది. సంపూర్ణ బాధ్యత అనాలి కదా అని న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు వెంటనే ఎత్తిచూపారు. తెలుగు పత్రికలు "గ్యాస్ లీక్" అని రాశాయి. లీకు అంటే పాత్ర దోషం, చిల్లు పడిందని. ఇంగ్లీషు చట్టం 'ఎస్కేప్' అంటుంది, వాయువుకు కాళ్లున్నట్టు. ఊరివాళ్ల భాషలో ఈ రెండూ లేవు. వాళ్లు "గ్యాసు వదిలారు" అన్నారు. ఆ వాక్యంలో మాత్రమే చేసినవాడు ఒకడున్నాడు.

బ్రౌన్ ఉండి ఉంటే ఆ మూడో వాక్యాన్ని రాసుకునేవారనిపిస్తుంది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో 'ఎస్కేప్' ఎదురుగా సాధారణంగా కనిపించేవి పారిపోవు, తప్పించుకొను. కొత్త కూర్పు తలపెట్టేవాళ్లు దాని కింద కనీసం నాలుగు వాక్యాలు చేర్చాలి: ప్రమాదం తప్పింది, కట్టుబట్టలతో బయటపడ్డారు, గ్యాసు వదిలారు, పేరు నోటిచివర ఆడుతోంది. చివరిది ఎందుకంటే, మరిచిపోయిన పేరు కూడా ఇంగ్లీషువాడి దగ్గర్నుంచి 'ఎస్కేప్' అవుతుంది. తెలుగువాడి దగ్గర అది ఎక్కడికీ పోదు, నాలుక చివరే ఉంటుంది.

ఇంకొక్క తెలుగు సేత మిగిలింది. ఆర్టీసీ బస్సు వెనక అద్దం మీద ఎర్ర రంగుతో రాసి ఉండే 'అత్యవసర ద్వారం'. మంచి అనువాదం, పొట్టిగా, స్పష్టంగా ఉంది. 2013 అక్టోబరు 30 తెల్లవారకముందు బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఒక ఏసీ బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు అంటుకుంది. తెరుచుకోని అద్దాలు, నిద్రలో ఉన్న మనుషులు. 45 మంది చనిపోయారు. అలాంటి బస్సుల్లో అద్దం పగలగొట్టడానికి కిటికీ పక్కన ఎర్రటి చిన్న సుత్తి ఉండాలి. సీటు కింద చెప్పులు సర్దుకునే ముందు, దుప్పటి విప్పుకునే ముందు, ఆ ద్వారం ఎటుందో, ఆ సుత్తి దాని చోట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బస్సు కదలకముందే డ్రైవర్‌ను అడగండి.